జ్ఞానమ్మ చెయ్యి

పాతకాలవ గట్టు,
ద్రాక్షారామం పోస్టు,
11-11-2024.

రాజమహేంద్రవరంలోని కులాసా యాప్ ఆఫీసు వారికి రిటైర్డ్ కాంపౌండరు రాజరత్నం వందనాలతో రాసేది.

ఇక్కడ నేను కులాసా. మీ మెషీను మాత్రం కులాసాగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ బీపీ మెషీను నాకు మా చర్చిలో కోత పండుగ వేలంపాటలో దక్కింది. గుమ్మడికాయ అయ్యాక, పెట్టకోడికి ముందు దీన్ని పాటకి పెట్టారు. మా పాస్టరు ప్రేమ్ కుమార్ గారు "కాంపౌండరు గారుండగా ఇది ఇంకెవరికండీ?" అనేసరికి ఎవరూ పోటీకి రాలేదు. ఫోనులో మీ యాప్ కూడా ఆయనే ఎక్కించిపెట్టారు. చేతికి పట్టీ చుట్టి బొత్తాం నొక్కితే చాలు, అంకెలు వాటంతట అవే ఫోనులోకి వెళ్లి కూర్చుంటున్నాయి. అంతవరకు మెచ్చుకున్నాను.

దీని జబ్బేంటంటే, మొదటి రీడింగు ఎప్పుడూ తప్పు. నాలుగు ఆదివారాలుగా చూస్తున్నాను. మొదటిసారి నొక్కగానే నూట ఎనభై దాటిపోతుంది. ఆ తర్వాత నూట పది, నూట ముప్ఫై అంటూ దారిలో పడుతుంది. మా కాలవ మీది డీజిలింజను కూడా మొదట దడదడలాడి, వేడెక్కాక నెమ్మదిస్తుంది. కానీ ఇది ఇంజను కాదు కదండీ. మిషన్ ఆస్పత్రిలో ముప్ఫై ఆరేళ్లు ఊళ్లవాళ్లందరి బీపీలు చూసినవాణ్ణి. నాకు ఇలాంటి మెషీను అంటగడితే ఊరుకోను. బాగుచేస్తారో, వేరేది ఇస్తారో వెంటనే తెలియజేయగలరు.

ఇట్లు,
మీ మెషీను బాధితుడు,
రాజరత్నం.

తా.క.: ఈ ఫిర్యాదు యాప్‌లోనే రాద్దామని చూశాను. కుసుమ అని ఒక అమ్మాయి వచ్చి "నమస్తే, మీకు ఎలా సాయపడగలను?" అని అడిగింది. సంగతంతా రాశాను. మళ్లీ "నమస్తే, మీకు ఎలా సాయపడగలను?" అంది. మూడుసార్లూ అదే. పెద్దవాళ్లు చెప్పేది వినే అలవాటు లేని పిల్ల. కాస్త మందలించండి. ఉద్యోగం మాత్రం తియ్యొద్దు.


కులాసా డిజిటల్ ఆరోగ్య సేవ,
రాజమహేంద్రవరం,
16-11-2024.

గౌరవనీయులైన వినియోగదారులు శ్రీ రాజరత్నం గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మా ఆఫీసుకు చేత్తో రాసిన ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. అందరం చుట్టూ మూగి చూశాం. జవాబు కూడా ఉత్తరంగానే వెళ్లాలని మా మేనేజరు జగన్నాథరావు గారు ఆ పని నాకు అప్పగించారు. నా పేరు రామతులసి. ఇక్కడ ఆరోగ్య సలహాదారుగా పనిచేస్తున్నాను. ఉత్తరం రాయడం కొత్త కాబట్టి తప్పులుంటే మన్నించండి.

అయ్యా, మెషీను సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు దయచేసి కూర్చోండి. మీ రికార్డు తెరిచి చూసి వెంటనే మా డాక్టరు గారిని పిలిచాను. మొన్న ఆదివారం రెండు గంటల్లో మీ బీపీ ఇరవై ఎనిమిది సార్లు మారింది. మొదట నూట ఎనభై ఆరు బై నూట పన్నెండు. నాలుగు నిమిషాలకి నూట నాలుగు బై అరవై ఆరు. నాడి ఒకసారి యాభై ఎనిమిది, మరుక్షణం నూట పద్దెనిమిది. బరువు నలభై ఒక్క కిలోలని మీరే రాశారు, పావుగంటకల్లా తొంభై మూడని రాశారు. మా డాక్టరు గారు ఆ పట్టిక చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ఇలాంటి మనిషిని తన సర్వీసులో చూడలేదన్నారు.

మీరు ఎండలో తిరగొద్దు. బరువులెత్తొద్దు. ఎవరినైనా తోడు తీసుకుని వెంటనే దగ్గర్లోని డాక్టరుకి చూపించుకోండి.

ఇట్లు,
మీ ఆరోగ్యం కోరే,
రామతులసి.

తా.క.: గర్భవతా అని యాప్ అడిగితే మీరు "అవును" నొక్కారు. వయసు డెబ్బై నాలుగు, పురుషుడు అని కూడా ఉంది. అయినా యాప్ మీకు ఐదో నెల జాగ్రత్తలు పంపేసింది. వాటిని మీరు పాటించనక్కర్లేదు.


పాతకాలవ గట్టు,
20-11-2024.

అమ్మాయి రామతులసికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నేనే భయపడి ఒకసారి అద్దంలో చూసుకున్నాను. నాకేమీ కాలేదమ్మా. ఆ ఇరవై ఎనిమిది సార్లూ మారింది నేను కాదు, మనుషులు.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో చాప వేసుకుని కూర్చుంటాను. మా సంఘస్థులే కాదు, రైతు వెంకన్న లాంటివాళ్లు కూడా గుడికి వెళ్లి వస్తూ ఇటు వచ్చి కూర్చుంటారు. చర్చిలో లాగే ఎడమవైపు ఆడవాళ్లు, కుడివైపు మగవాళ్లు. ముందు ఆడవాళ్ల వరస చూసి, తర్వాత మగవాళ్లది చూస్తాను. ఎవరి చోటులో వాళ్లే కూర్చుంటారు. చిట్టెమ్మ చోటులో ఇంకొకరు కూర్చుంటే ఆ ఆదివారం అందరి బీపీలూ పెరుగుతాయి. మా ఆస్పత్రిలో మెషీను ఒకటే, రిజిస్టరూ ఒకటే. మీ యాప్‌ని నేను ఆ రిజిస్టరే అనుకున్నాను. ఒక్కొక్కరికీ ఒక్కో రిజిస్టరు పెడతారని నాకేం తెలుసు? పధ్నాలుగు మంది ఆడవాళ్లు, పదమూడు మంది మగవాళ్లు. పేర్లన్నీ వరస తప్పకుండా వెనక పేజీలో రాశాను. సరిచేసుకో.

మా ఆస్పత్రి అంటే నీకు తెలియదులే. నీ వయసుకి అది మూతపడిపోయి ఉంటుంది. ఏడు గంటలకి గంట కొడితే కాలవ అవతలి ఊళ్లవాళ్లు కూడా పడవ దిగేవారు. ఎర్రమందు సీసా పక్కన కాగితం మడిచి, మొనలు మొనలుగా కత్తిరించి అతికించేవాణ్ణి. మొనకొక మోతాదు. చదువురాని వాళ్లు కూడా ఆ మొన చూసి సరిగ్గా తాగేవారు. మీ యాప్ గంట కొట్టి చెప్పేది మేం కాగితం ముక్కతో చెప్పాం. ఆ మందు వాసన ఇప్పటికీ ఒక్కోసారి నా చొక్కాకి ఉన్నట్టే అనిపిస్తుంది.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. రోగి చేతికి కట్టేముందు మెషీనుని ఇంటి మనిషి చేతిమీద పరీక్షించేవాళ్లం. ఆ చెయ్యి మా జ్ఞానమ్మది. నా భార్య. అక్కడే ఆయాగా చేసింది. ఎప్పుడు కట్టినా నూట ఇరవై బై ఎనభై. ఒక్క గీత అటూ ఇటూ ఉండేది కాదు. మా డాక్టరమ్మ గారు "జ్ఞానమ్మ చెయ్యి సరిగ్గా చెప్పిందా? అయితే తలుపులు తియ్యండి" అనేవారు. రిటైరయ్యాక ఆ పాదరసం మెషీను నాకే ఇచ్చేశారు. పాపం, చివరికి అదీ తప్పులు చూపించడం మొదలుపెడితే అటకెక్కించాను. ముందు పరీక్ష, తర్వాతే రోగులు అన్న పద్ధతి మాత్రం ఇప్పటికీ తప్పలేదు. నూట ఇరవై రావలసిన చోట నూట ఎనభై ఆరు వస్తోందంటే తప్పు ఎవరిది? నువ్వే చెప్పు.

ఇట్లు,
గర్భవతి కాని,
రాజరత్నం.

తా.క.: ఐదో నెల జాగ్రత్తలు వృథా పోనివ్వలేదు. ఆ "అవును" చెప్పింది మా సంఘంలోని జాషువా కోడలు మెర్సీ. అవి ఆమెకే చదివి వినిపించాను. పనులు తగ్గించి విశ్రాంతి తీసుకోమన్న మాట అత్తగారికి రుచించలేదు. కాంపౌండరు గారి ఫోనులో వచ్చిందని తెలిశాక చీపురు తనే అందుకుంది.


రాజమహేంద్రవరం,
26-11-2024.

రాజరత్నం గారికి రామతులసి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసులో పైకి చదివాను. ఎర్రమందు సీసా దగ్గర మా డాక్టరు గారు "మా అమ్మమ్మ ఇంట్లో ఉండేదండీ ఆ సీసా" అన్నారు.

మా యాప్‌లో ఒక ఫోనుకి ఆరుగురినే చేర్చుకునే వీలుంది. జగన్నాథరావు గారు పైవాళ్లతో మాట్లాడి మీ ఫోనుకి ముప్ఫై మందిని ఒప్పించారు. ఇక ఒక్కొక్కరి పేరు మీద నొక్కి, వాళ్ల రీడింగు వాళ్ల పేరులోనే పెట్టండి. అంకెలు వాళ్లకి చదివి చెప్పండి. పైది ఎంత, కిందది ఎంత అన్నది ఎవరిది వాళ్లకి నోటికి రావాలి. చూసేముందు ఐదు నిమిషాలు వెనక్కి ఆనుకుని కూర్చోనివ్వండి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. కాఫీ తాగిన వెంటనే చూడకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ వరస ప్రకారం పేర్లూ అంకెలూ కలిపాం. పేర్లు ఇరవై ఏడు. అంకెలు ఇరవై ఎనిమిది. మిగిలిపోయింది ఆ మొదటి రీడింగే. మెషీను వేడెక్కడం అంటూ ఏమీ లేదండీ. అలాంటి మెషీనునే ఇక్కడ పదిసార్లు పరీక్షించాం. మొదటిసారి చెప్పిందే పదోసారీ చెప్పింది. కాబట్టి ఆ నూట ఎనభై ఆరు ఎవరో ఒక మనిషిదే. ఆ మనిషి ఇన్ని వారాలుగా మందూ మాకూ లేకుండా తిరుగుతున్నారు. ఒంట్లో ఏ బాధా తెలియకపోవచ్చు. దీంతో వచ్చిన చిక్కే అది. ఏ రోజైనా పక్షవాతం రావచ్చు.

ఆ చెయ్యి ఎవరిదో మీ ఉత్తరంలోనే ఉంది. జ్ఞానమ్మ గారిది. ఒకప్పుడు నూట ఇరవై ఉంటే ఎప్పటికీ అంతే ఉండాలని లేదు కదండీ. వయసుతో పాటు మారుతుంది. ఆవిడకి ఉప్పు తగ్గించండి. రోజూ కాసేపు నడిపించండి. ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి. ఈ ఉత్తరం ఆవిడకి కూడా చదివి వినిపించండి.

ఇట్లు,
రామతులసి.

తా.క.: మెషీను పరీక్ష కోసం జగన్నాథరావు గారు తన చెయ్యే ఇచ్చారు. నూట యాభై రెండు వచ్చింది. "మెషీను తప్పు" అన్నారు. నా చేతికి పెడితే నూట పధ్నాలుగు. ఆ రోజునుంచి ఆయన క్యాంటీను పకోడీల వైపు చూడటం లేదు, నాతోనూ మాట్లాడటం లేదు.


పాతకాలవ గట్టు,
2-12-2024.

రామతులసికి రాజరత్నం రాసేది.

కోపం వచ్చినప్పుడు ఉత్తరం రాయకూడదంటారు కానీ నాకు ఇంకో పని లేదు. మా జ్ఞానమ్మకి బీపీ అంటావా? నలభై రెండేళ్ల కాపురంలో ఆ చెయ్యి నాకు అబద్ధం చెప్పలేదు. మెషీన్లు మారాయి, డాక్టర్లు మారారు, ఆస్పత్రి గోడల రంగులు మారాయి. నూట ఇరవై మారలేదు.

అయినా నువ్వు చెప్పావు కాబట్టి నిన్న ఆరాధన అయ్యాక ఆమె దగ్గర కూర్చుని నీ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఏమీ అనలేదు. ఉప్పు తగ్గించమన్నావు. ఆమె ఉప్పు ముట్టుకుని నాలుగేళ్లయింది. నడిపించమన్నావు. ఆమె ఎక్కడికీ కదలదు. నేనే రోజూ పొద్దున్నే ఆమె దగ్గరికి నడిచి వెళ్తాను. రానూ పోనూ పదిహేను వందల అడుగులని మీ యాపే లెక్క చెప్పింది. డాక్టరు అన్నావు. ఆ మాట ఇక ఎత్తకు.

మిగతావాళ్లకి మాత్రం మీ పద్ధతి బాగానే పట్టింది. చిట్టెమ్మ తన అంకెలు ఎక్కాల్లా వల్లెవేస్తోంది. "నాది పైది నూట నలభై ఎనిమిది, కిందది తొంభై రెండండి" అని అడగనివాళ్లకి కూడా చెబుతోంది. ఉప్పుచేప వారానికి ఒక్కసారే అని ఒట్టు పెట్టుకుంది. వెంకన్న చాపమీద ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాడు. అతను పుట్టాక ఇదే మొదటిసారి అని వాళ్ల ఆవిడ నాకు దణ్ణం పెట్టింది.

మెషీను మాత్రం మార్చాల్సిందే. నిన్న కూడా మొదటిది నూట ఎనభై నాలుగు.

ఇట్లు,
రాజరత్నం.

తా.క.: జగన్నాథరావు గారికి నా తరపున చెప్పు. పకోడీ మానడం మంచిదే. కానీ మెషీనుని తప్పుపట్టాలంటే నాలాగా ముప్ఫై ఆరేళ్లు పనిచేసి ఉండాలి.


రాజమహేంద్రవరం,
7-12-2024.

రాజరత్నం గారికి,

నమస్కారాలు రాసే తీరిక కూడా లేదు. క్షమించండి.

జ్ఞానమ్మ గారు మాట్లాడటం లేదు, కదలటం లేదు, ఉప్పు తినటం లేదు అని రాశారు. మా డాక్టరు గారు ఆ వాక్యాలు చదివి లేచి నిలబడిపోయారు. అవి పక్షవాతం లక్షణాలండీ. ఉత్తరం వచ్చింది మొదలు మీకు ఫోను చేస్తూనే ఉన్నాం. స్విచ్చాఫ్ అంటోంది. అంత పెద్దావిడని మీరు ఇంట్లో కాక ఇంకెక్కడో ఎందుకు ఉంచారో, అక్కడ ఎవరు చూసుకుంటున్నారో నాకు అర్థం కావడం లేదు. మనసు ఆగక రాస్తున్నాను.

అంబులెన్సు పంపుతున్నాం. నర్సు సూర్యకళ గారు వస్తున్నారు. ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇస్తున్నాను. మీరు కోప్పడినా పర్వాలేదు, జ్ఞానమ్మ గారిని వెంటనే ఆవిడకి చూపించండి.

రామతులసి.

తా.క.: జగన్నాథరావు గారు తనే డ్రైవరు పక్కన ఎక్కబోయారు. ఆయన బీపీ గుర్తుచేసి దింపేశాను.


పాతకాలవ గట్టు,
30-12-2024.

చిరంజీవి రామతులసికి రాజరత్నం తాత ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ నేను కులాసా. ఈసారి మెషీను కూడా కులాసా.

మూడు వారాలుగా జవాబు రాయనందుకు కోప్పడకు. జరిగింది చెబుతాను. శనివారం సాయంత్రం చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్నారు. అంబులెన్సు కూత పెట్టుకుంటూ వచ్చి చర్చి ముందు ఆగింది. పాట మధ్యలో ఆగిపోయింది. సూర్యకళ గారు పెట్టె పట్టుకుని దిగి "జ్ఞానమ్మ గారు ఎక్కడండీ?" అన్నారు. వరండాలో అందరూ నాకేసి చూశారు. నీ ఉత్తరం అక్కడే నిలబడి చదివాను. చదివి, "రండమ్మా" అని చర్చి వెనక సమాధుల తోటలోకి తీసుకెళ్లాను. అందరూ మా వెనకే వచ్చారు. కాలవ వైపు మూడో వరసలో ఉంది మా జ్ఞానమ్మ. నాలుగేళ్లయింది.

పోయిందని నీకు ఒక్క మాట రాసి ఉంటే ఇంత జరిగేది కాదు. నేను దాచలేదమ్మా. ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు. రాయడం నాకు అలవాటు కాలేదు.

సూర్యకళ గారు సమాధిమీది పూలు సర్ది, దణ్ణం పెట్టి, నాకేసి తిరిగి, "మరి ఇప్పుడు మెషీను పరీక్ష ఎవరి చేతిమీదండీ?" అని అడిగారు.

"నా చేతిమీదేనండీ" అన్నాను.

అనేశాక ఆ మాట నా చెవిన పడింది. చిట్టెమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

జ్ఞానమ్మ సమాధి పక్కనున్న అరుగుమీదే నన్ను కూర్చోబెట్టారు. ఐదు నిమిషాలు మాట్లాడొద్దన్నారు. ఆమె పక్కన కూర్చుని అంతసేపు మాట్లాడకుండా నేనెప్పుడూ లేను. నూట ఎనభై ఎనిమిది బై నూట పన్నెండు. రెండోసారీ అంతే. "ఊరందరి చేతులూ చూశారు గానండీ, మీ చెయ్యి మీరు చూసుకోలేదా?" అంది చిట్టెమ్మ. వాళ్ల చేతులు పట్టుకున్నంతకాలం నా చేతిని మెషీనులో భాగమే అనుకున్నాను. ఆ రాత్రికే రామచంద్రపురం ఆస్పత్రిలో చేర్చారు. రెండు రోజులు ఉంచి, మాత్రలు రాసి పంపించారు.

ఇంటికొచ్చాక ఒక పని చేశాను. అది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అటకమీదనుంచి ఆ పాదరసం మెషీను దింపాను. ఆమె పోయే ఏడాది, అది ఆమె చేతిమీద నూట అరవై, నూట డెబ్బై చూపించేది. జ్ఞానమ్మ చెయ్యి తప్పు చెప్పదు కదా, మెషీనే పాతబడిందని పైన పెట్టేశాను. తర్వాత ఆరు నెలలకి, వంటింట్లో ఉండగా ఆమెకి పక్షవాతం వచ్చింది. మొన్న సూర్యకళ గారు నన్ను చూడటానికి వస్తే, రబ్బరు బల్బు కొత్తది వేయించి, ఒక చేతికి అదీ, ఒక చేతికి మీదీ కట్టి చూడమన్నాను. రెండూ ఒకే అంకె చెప్పాయి.

అది పాడవలేదమ్మా. ముప్ఫై ఆరేళ్లు రోగులకి చెప్పిన మాట నేను నా ఇంట్లో వినలేదు. నువ్వు "వయసుతో మారుతుంది కదండీ" అని రాసినప్పుడు నాకు అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఆ మాట ఐదేళ్ల కిందట నాకు ఎవరైనా రాసి ఉంటే బాగుండేది. ఇదంతా ఆమె దగ్గర కూర్చుని చెప్పాను. చాలాసేపు ఏడ్చాను. ఇప్పుడు కాస్త తేలిగ్గా ఉంది.

నిన్న ఆదివారం యాప్‌లో ఇరవై ఎనిమిదో మనిషిని చేర్చాను. పేరు అడిగింది. జ్ఞానమ్మ అని రాయబోయి, చెరిపి, రాజరత్నం అని రాశాను. పైది నూట ముప్ఫై ఎనిమిది, కిందది ఎనభై ఆరు. చిట్టెమ్మ అందరిచేతా చప్పట్లు కొట్టించింది. వచ్చే ఆదివారం వీలుంటే రాజమహేంద్రవరం నుంచి బస్సెక్కి రా. ఎడమవైపు వరసలో నీకు ఒక చోటు ఉంచమన్నాను. చిట్టెమ్మ పక్కకి జరుగుతానంది, అదే పెద్ద అద్భుతం.

ఇట్లు,
ఇరవై ఎనిమిదో వాడు,
రాజరత్నం తాత.

తా.క.: కుసుమ మీద నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు రోజూ ఎనిమిదింటికి "రాజరత్నం గారూ, మాత్ర వేసుకున్నారా?" అని అడుగుతోంది. ఇంట్లో నన్ను పేరు పెట్టి అడిగే గొంతు ఇంకొకటి లేదు, అందుకని రెండుసార్లు అడిగించుకుంటున్నాను. ఒక్కటే లోపం. "అవును" అని నొక్కగానే నమ్మేస్తోంది. జ్ఞానమ్మ అయితే నోరు తెరిపించి చూసేది. ఆ పిల్లకి అది కూడా నేర్పించండి.